మెల్‌బోర్న్ వసంతకాలపు గుర్రప్పందాలు: ఏ రేసుకు, ఏ రకం పందెం కాయాలి

ఆస్ట్రేలియాలో అక్టోబరు, నవంబరు నెలలు వసంతకాలం. ఆ రెండు నెలల్లో మెల్‌బోర్న్ నగరంలో కాల్‌ఫీల్డ్ కప్, కాక్స్ ప్లేట్, మెల్‌బోర్న్ కప్ ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. ఏడాదంతా రేసుల ఊసెత్తనివారు కూడా ఆ రోజుల్లో పదో ఇరవయ్యో డాలర్లు కాస్తారు. నవంబరు మొదటి మంగళవారం జరిగే మెల్‌బోర్న్ కప్‌కు (కింద ఉత్త కప్ అన్నా ఇదే) నగరమంతా సెలవు కాబట్టి, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థులకూ ఆఫీసులోనో స్నేహితుల ఇంట్లోనో "నువ్వు దేని మీద కాశావు?" అన్న ప్రశ్న తప్పదు.

ఆ ప్రశ్నకు సమాధానం వెతికేటప్పుడు అందరూ గుర్రం పేరు దగ్గరే ఆగిపోతారు. ఏడాదికి నాలుగైదు రోజులు మాత్రమే పందెం కాసే మనిషికి గుర్రం ఎంపిక కంటే పందెం రకం ఎంపికే ముఖ్యమని నా అభిప్రాయం. గుర్రం గురించి అతనికి తెలిసిన సంగతులన్నీ పత్రికలు చదివే లక్షలమందికీ తెలుసు. ఆ సమాచారమంతా అప్పటికే దాని ధరలో, అంటే గెలిస్తే డాలరుకు అసలుతో కలిపి చేతికి వచ్చే మొత్తంలో, కలిసిపోయి ఉంటుంది. ఏ రకం పందెంలో నిర్వాహకుడు ఎంత కోత పెడతాడన్నది మాత్రం చాలామంది చూడరు, కాని అతని చేతిలో నిజంగా ఉన్న ఎంపిక అదొక్కటే. ఒక మాట ముందే చెప్పాలి: కింద పోల్చిన దారుల్లో దీర్ఘకాలంలో లాభం తెచ్చేది ఏదీ లేదు. తక్కువ నష్టంతో ఎక్కువసేపు సరదా ఇచ్చేది ఏదన్నంతవరకే ఈ పోలిక.

ఏ రోజు, ఏ రేసు

సీజన్‌లో మొదటి పెద్ద పందెం కాల్‌ఫీల్డ్ కప్. 2400 మీటర్ల దూరం, గరిష్ఠంగా 18 గుర్రాలు, హ్యాండిక్యాప్ పద్ధతి. అంటే మంచి గుర్రం మీద ఎక్కువ బరువు, మామూలు గుర్రం మీద తక్కువ బరువు మోపి అన్నింటికీ సమానావకాశం కల్పించే ప్రయత్నం. దాని తరువాత వచ్చేది మూనీ వ్యాలీ రేసింగ్ క్లబ్బు నిర్వహించే కాక్స్ ప్లేట్. దీని దూరం 2040 మీటర్లు, గుర్రాలు 14కు మించవు. ఇక్కడ బరువు గుర్రం వయసును, అది ఆడదా మగదా అన్నదాన్ని బట్టి మాత్రమే నిర్ణయమవుతుంది కాబట్టి, మేటి గుర్రానికి దాని ప్రతిభ వల్ల శిక్ష పడదు. ఆ తరువాతి వారం ఫ్లెమింగ్టన్ మైదానంలో నాలుగు రోజుల వేడుక మొదలవుతుంది: శనివారం డెర్బీ, మంగళవారం కప్, గురువారం ఓక్స్, మళ్లీ శనివారం చివరి రోజు.

పందెం కాసేవారి దృష్టితో చూస్తే కాక్స్ ప్లేట్‌కూ మెల్‌బోర్న్ కప్‌కూ ఉన్న తేడా చాలా పెద్దది. కప్‌లో గరిష్ఠంగా 24 గుర్రాలు 3200 మీటర్లు పరుగెత్తుతాయి. ఆస్ట్రేలియాలో శిక్షణ పొందిన గుర్రాల్లో చాలావాటికి అంత దూరం పరుగెత్తిన అనుభవమే ఉండదు. యూరప్ నుంచి వచ్చే గుర్రాలకు దూరం అలవాటే గాని కొత్త వాతావరణం, కొత్త నేల పరీక్ష పెడతాయి. దానికి తోడు హ్యాండిక్యాప్ బరువులు, కిక్కిరిసిన గుంపులో దారి దొరకడం దొరకకపోవడం. 2013లో ఫియోరెంటే ఫేవరెట్‌గా, అంటే అన్నింటికంటే తక్కువ ధర ఉన్న గుర్రంగా, దిగి గెలిచిన తరువాత 2024 దాకా ఏ ఫేవరెట్టూ కప్ గెలవలేదు. 2015లో మిషెల్ పేన్ స్వారీ చేసిన ప్రిన్స్ ఆఫ్ పెంజాన్స్ గెలిచినప్పుడు దాని మీద డాలరు పెట్టినవారికి నూరు డాలర్ల లాభం. కప్ గెలిచిన తొలి మహిళా జాకీగా ఆమె పేరు నిలిచిపోయింది. 2024లో గెలిచిన నైట్స్ చాయిస్ మీద కూడా ఎవరికీ పెద్దగా ఆశలు లేవు. కాక్స్ ప్లేట్‌లో కథ వేరు: 2015 నుంచి 2018 వరకు వరుసగా నాలుగుసార్లు విన్‌క్స్ అనే ఆడగుర్రమే గెలిచింది, అందరూ అనుకున్నట్టే గెలిచింది. అయితే అందరూ అనుకున్న గుర్రం మీద వచ్చేది ఎంత? చివరి ఏళ్లలో డాలరు పెడితే పావు డాలరుకు అటూ ఇటూగా లాభం.

కాబట్టి ఆలోచించి, ఫారం (గుర్రం ఇటీవలి రేసుల్లో ఎలా పరుగెత్తిందన్న వివరాలు) చదివి, నాలుగు గుర్రాలను పోల్చి పందెం కాయాలన్న కోరిక ఉన్నవారు ఆ శ్రమను కప్ మీద కాక కాక్స్ ప్లేట్ వంటి చిన్న గుంపు రేసుల మీదా, డెర్బీ రోజునా చివరి శనివారమూ జరిగే వయసు-బరువు రేసుల మీదా పెట్టడం మేలు. కప్‌ను వేడుకగా చూడాలి, అందులో పెట్టే సొమ్మును వేడుక ఖర్చుగా లెక్కవేయాలి. మూనీ వ్యాలీ గురించి మరొక సంగతి ఉంది. అక్కడి ఆఖరి నేరుదారి 173 మీటర్లే కాబట్టి వెనకబడిన గుర్రాలకు అందుకునే వ్యవధి దొరికేది కాదు; ఫ్లెమింగ్టన్‌లో అదే 450 మీటర్లు ఉంటుంది. 2025 కాక్స్ ప్లేట్ తరువాత మూనీ వ్యాలీ మైదానం పునర్నిర్మాణంలోకి వెళ్లింది. ముందుండే గుర్రానికే మొగ్గు అన్న పాత సూత్రాన్ని కొత్త మైదానానికీ, తాత్కాలికంగా రేసు జరిగే చోటుకూ గుడ్డిగా అన్వయించకూడదు.

సిడ్నీలో రాండ్విక్ మైదానంలో అక్టోబరులో జరిగే ఎవరెస్ట్ రేసు కూడా ఈ రోజుల్లో అందరి నోటా నానుతోంది. 2017లో మొదలైన ఈ 1200 మీటర్ల పరుగుకు బహుమతి సొమ్ము అపారం. కాని సొమ్ము పెద్దదైనంత మాత్రాన పందెం కాసేవాడికి ఒరిగేదేమీ లేదు. ఒకటి పాయింట్ ఏదో నిమిషంలో ముగిసిపోయే రేసును చూడడానికి కేటాయించగలిగినంతే దాని మీద కాయాలి.

టోటా, స్థిర ధరా

ఇదే అసలు ఎంపిక. మలక్‌పేట రేసులకు వెళ్లినవారికి ఈ రెండు దారులూ పరిచయమే: ఒక పక్క టోట్ కిటికీలు, మరొక పక్క బుకీల వరుస. మెల్‌బోర్న్‌లోనూ అంతే, కాకపోతే బుకీల్లో ఎక్కువమంది ఇప్పుడు ఫోన్‌లోకి చేరారు.

టోట్‌లో అందరి సొమ్మూ ఒక పూల్‌లో చేరుతుంది. నిర్వాహకుడు తన వాటా తీసుకొని మిగిలినదాన్ని గెలిచినవారికి పంచుతాడు. రేసు మొదలయ్యేదాకా మీకు ఎంత వస్తుందో ఖాయంగా తెలియదు. తెర మీద 8 డాలర్లని కనిపించిన గుర్రం చివరి నిమిషంలో సొమ్ము వచ్చి పడితే 6 డాలర్లకు దిగవచ్చు. విక్టోరియాలో గెలుపు పూల్ నుంచి సుమారు ఏడో వంతు కోత పోతుంది. వరుసగా మూడు గుర్రాలను చెప్పే ట్రైఫెక్టా వంటి పూల్‌లో అది ఐదో వంతుకు చేరుతుంది. స్థిర ధరలో మీరు టికెట్టు తీసుకున్న క్షణాన ఉన్న ధరే మీది. తరువాత అది పెరిగినా తగ్గినా మీకు సంబంధం లేదు.

స్థిర ధరలో కోత కంటికి కనిపించదు, కాని లెక్క కట్టవచ్చు. ఒక ఊహా రేసులో ఆరు గుర్రాల ధరలు 2.50, 4, 5, 8, 10, 12.50 అనుకుందాం. వందను ఒక్కొక్క ధరతో భాగిస్తే 40, 25, 20, 12.5, 10, 8 వస్తాయి. వీటి మొత్తం 115.5. కోత లేని బుకీ అయితే ఈ మొత్తం సరిగ్గా 100 కావాలి. అంటే ఏ గుర్రం గెలిచినా 100 డాలర్లు చేతికి వచ్చేలా అన్ని గుర్రాల మీదా పంచి కాస్తే మీకు అయ్యే ఖర్చు 115 డాలర్ల 50 సెంట్లు. మరో విధంగా చెప్పాలంటే, పెట్టిన ప్రతి వందలో పదమూడు డాలర్లకు పైగా ఆ ధరల్లోనే కరిగిపోయింది. ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల్లో తేలే లెక్క ఇది. ఏ కంపెనీ మొత్తం తక్కువగా ఉంటే ఆ రేసుకు ఆ కంపెనీ ధరలు మెరుగు. మెల్‌బోర్న్ కప్ వంటి 24 గుర్రాల రేసులో గెలవని గుర్రాల ధరలను కూడా బిగించి ఉంచుతారు కాబట్టి ఈ మొత్తం ఇంకా పైకి పోవడం మామూలు.

ఎవరికి ఏది? ఫారం చదివి ఒక గుర్రానికి 6 డాలర్ల ధర చాలునని మీరు నిర్ణయించుకొని, ఉదయం 8 డాలర్లు కనిపిస్తే స్థిర ధరలో తీసుకోవడం సబబు. ఆ రెండు డాలర్ల తేడాను టోట్ మీకు హామీ ఇవ్వదు. కప్ రోజున మాత్రం నేను టోట్ వైపే మొగ్గుతాను. ఆ ఒక్క రోజు పూల్‌లోకి పేరు బాగుందనో, జాకీ చొక్కా రంగు నచ్చిందనో, పుట్టినరోజు అంకె కలిసిందనో కాసేవారి సొమ్ము విపరీతంగా వస్తుంది. ఆ సొమ్ము ముద్దుపేర్ల మీదికి వెళ్లిపోవడంతో, నోరు తిరగని విదేశీ పేరున్న నికార్సయిన గుర్రం టోట్‌లో కొంత ఎక్కువ చెల్లించే అవకాశం ఉంది. రేసుకు పది నిమిషాల ముందు రెండు ధరలనూ పక్కపక్కన పెట్టుకొని చూస్తే ఏది మేలో తెలిసిపోతుంది.

ముందే కాయడమా, చివరిదాకా ఆగడమా

సెప్టెంబరులో కప్ బరువులు ప్రకటించగానే నోరూరించే ధరలు కనిపిస్తాయి. నవంబరులో 10 డాలర్లకు దిగే గుర్రం అప్పుడు 30 డాలర్లకు దొరకవచ్చు. అయితే అలా ముందుగా కాసే పందెంలో మీ గుర్రం అసలు బరిలోకే దిగకపోయినా, మామూలు నిబంధన ప్రకారం సొమ్ము తిరిగి రాదు. ఇది ఊహ కాదు. 2020 కప్‌లో ఆంథొనీ వాన్ డైక్ కాలు విరిగి చనిపోయిన తరువాత విదేశీ గుర్రాలకు పశువైద్యుల తనిఖీలు, కాళ్ల స్కానింగులు చాలా కఠినమయ్యాయి. 2024లో ముందు వరసలో ఉన్న యాన్ బ్రూగెల్‌ను ఆ తనిఖీల్లోనే పక్కన పెట్టారు. అదీ మెల్‌బోర్న్ దాకా వచ్చి, రేసుకు కొద్ది రోజుల ముందు.

డెర్బీ శనివారం సాయంత్రం కప్‌కు తుది జాబితా, ఏ గుర్రం ఏ గేటు నుంచి పరుగు మొదలుపెట్టాలన్నదీ ఖరారవుతాయి. ఆ తరువాత కాసిన స్థిర ధర పందెంలో మీ గుర్రం తప్పుకుంటే సొమ్ము వాపసు వస్తుంది. వేరే గుర్రం తప్పుకుంటే మాత్రం, పోటీ తగ్గింది కాబట్టి మీకు రావలసిన మొత్తంలో కొంత మినహాయిస్తారు. ఈ మినహాయింపు సంగతి టికెట్టు మీద చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. గెలిచిన తరువాత లెక్క తక్కువైందని కౌంటర్ దగ్గర వాదనకు దిగేవారు ప్రతి ఏడూ కనిపిస్తారు. టోట్‌లో ఈ తలనొప్పి లేదు: తప్పుకున్న గుర్రం మీది సొమ్ము వెనక్కి ఇచ్చేస్తారు, మిగిలిన పూల్ తనంతట తానే సర్దుకుంటుంది. సీజన్ కోసం మాత్రమే వచ్చేవారు శనివారం సాయంత్రం దాకా ఆగడమే మంచిది.

విన్, ప్లేస్, ఈచ్-వే

విన్ అంటే గుర్రం మొదటి స్థానంలో రావాలి. ప్లేస్ అంటే ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ గుర్రాలుంటే మొదటి మూడింటిలో, ఐదు నుంచి ఏడు ఉంటే మొదటి రెండింటిలో రావాలి. ఈచ్-వే అంటే ఈ రెండూ కలిపి కాయడం. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే: "పది డాలర్లు ఈచ్-వే" అంటే ఖర్చు పది కాదు, ఇరవై.

ఒక గుర్రం ధర విన్‌కు 21, ప్లేస్‌కు 6 అనుకుందాం. పది డాలర్లు ఈచ్-వే కాస్తే, మూడో స్థానంలో వచ్చినా 60 చేతికి వస్తాయి, 40 లాభం, గెలిస్తే 270. ఇప్పుడు విన్‌కు 4, ప్లేస్‌కు 1.60 ఉన్న గుర్రాన్ని తీసుకుందాం. అది మూడో స్థానంలో వస్తే మీకు వచ్చేది 16, పెట్టింది 20. గుర్రం "వచ్చింది" అని చప్పట్లు కొడుతూనే నాలుగు డాలర్లు పోగొట్టుకున్నారన్నమాట. కనుక ప్లేస్ ధర 2 డాలర్ల కంటే తక్కువ ఉన్న గుర్రం మీద ఈచ్-వే కాయడంలో అర్థం లేదు. ఫేవరెట్ మీద నమ్మకముంటే సూటిగా విన్ కాయాలి, లేకపోతే వదిలేయాలి. 15 నుంచి 30 డాలర్ల మధ్య ఉన్న గుర్రాలకు, అందులోనూ గుంపు పెద్దదైన కప్‌లకు ఈచ్-వే బాగా సరిపోతుంది. కప్ రోజున పది డాలర్లకే పరిమితం కావాలనుకునేవారు ఐదు డాలర్ల ఈచ్-వే ఒక్కటి కాసి, ఆ మూడు నిమిషాల పైచిలుకు పరుగును చివరి వంద మీటర్ల దాకా ఊపిరి బిగబట్టి చూడవచ్చు. విన్ మాత్రమే కాసినవారికి చాలాసార్లు మలుపు దగ్గరే ఆశ తీరిపోతుంది.

కలగలుపు పందేలు

మొదటి రెండు గుర్రాలను వరుసగా చెప్పే పందెం మలక్‌పేటలో ఫోర్‌కాస్ట్, అక్కడ ఎగ్జాక్టా; ఇక్కడి టానాలా అక్కడ ట్రైఫెక్టా. మొదటి రెండింటిని ఏ వరుసలోనైనా చెప్పే క్వినెల్లా రెండు చోట్లా క్వినెల్లాయే. వీటికి పైన మొదటి నాలుగు గుర్రాలను వరుసగా చెప్పే ఫస్ట్ ఫోర్, నాలుగు రేసుల విజేతలను చెప్పే క్వాడీ ఉన్నాయి. టీవీలో లక్షల డాలర్ల డివిడెండ్ (గెలిచిన పందేనికి టోట్ చెల్లించే మొత్తం) అని వినిపించేది వీటి గురించే.

24 గుర్రాల్లో మొదటి రెండింటిని ఏ వరుసలోనైనా చెప్పాలంటే 276 జతలున్నాయి. వరుసతో సహా మూడు చెప్పాలంటే 12,144 అవకాశాలు. నాలుగు చెప్పాలంటే 2,55,024. మీకు నచ్చిన ఐదు గుర్రాలను ఎటు తిప్పినా చెల్లేలా ట్రైఫెక్టాలో పెట్టెకట్టి కాస్తే 60 వరుసలవుతాయి. కళ్లు మూసుకొని ఏరిన ఐదు గుర్రాలైతే తగిలే అవకాశం సుమారు రెండు వందలకు ఒకటి. గుర్రాల మీద ఎంత అవగాహన ఉన్నా ఈ అంకె కొంత మెరుగవుతుందే తప్ప రూపం మారదు, పైగా కోత ఇక్కడే ఎక్కువ.

ఫ్లెక్సీ అనే సదుపాయాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. ఆ 60 వరుసలకు డాలరు చొప్పున 60 డాలర్లు పెట్టలేనివారు 12 డాలర్లే పెట్టవచ్చు. అప్పుడు మీకు డివిడెండ్‌లో 20 శాతం వస్తుంది. తెర మీద 3,000 అని కనిపిస్తే మీ వాటా 600. క్వాడీలో నాలుగు రేసులకూ మూడేసి గుర్రాలు పెడితే 81 కలయికలు, 20 డాలర్ల 25 సెంట్లకు పావు వాటా. స్నేహితులు నలుగురు కలిసి తలా ఐదు డాలర్లు వేసుకొని మధ్యాహ్నమంతా నాలుగు రేసులు ఉత్కంఠతో చూడాలంటే క్వాడీ బాగుంటుంది. డబ్బు రాకపోయినా మూడో రేసుదాకా బతికి ఉంటే కాలక్షేపానికి లోటుండదు. ఒంటరిగా కాసేవారికి మాత్రం ట్రైఫెక్టా, ఫస్ట్ ఫోర్‌లను నేను సిఫారసు చేయను. తప్పదనుకుంటే క్వినెల్లా దగ్గర ఆగాలి.

అన్నింటికంటే చవకైన పందెం ఏదంటే ఆఫీసు స్వీప్. తలా రెండో ఐదో డాలర్లు వేసి, 24 గుర్రాల పేర్లు చీటీలుగా తీసి, వసూలైన సొమ్మంతా మొదటి, రెండో, మూడో స్థానాలకు పంచేస్తారు. ఎంపిక లేదు, నైపుణ్యం లేదు, కాని కోత కూడా లేదు. కప్‌లో ఫేవరెట్ల చరిత్ర చూశాక, చీటీలో వచ్చిన గుర్రానికీ ఎంచి కాసిన గుర్రానికీ మధ్య తేడా మనం అనుకున్నంత ఉండదని నాకనిపిస్తుంది.

గుర్రం గురించి కొద్దిగా

ఎంతైనా గుర్రాన్ని ఎంచక తప్పదు కాబట్టి మూడు సంగతులు చాలు. నేల పరిస్థితిని 1 నుంచి 10 దాకా అంకెలతో ప్రకటిస్తారు. 3, 4 అంటే మంచి నేల, 5 నుంచి 7 మెత్తన, 8 నుంచి 10 బురద. మెల్‌బోర్న్‌లో వసంతకాలపు వాన ఒక్క పూటలో ఈ అంకెను మార్చేయగలదు, బురదలో ఎప్పుడూ గెలవని గుర్రాన్ని ఆ రోజున పక్కన పెట్టడం తేలికైన నిర్ణయం. రెండోది, కప్‌కు కాల్‌ఫీల్డ్ కప్ మంచి ఆనవాలు: 2023లో వితౌట్ ఎ ఫైట్, 2025లో హాఫ్ యువర్స్ రెండూ గెలిచాయి. మూడోది బరువు. 2005లో మూడోసారి కప్ గెలిచినప్పుడు మాకిబీ దివా 58 కిలోలు మోసింది. అంత బరువుతో గెలిచే గుర్రాలు అరుదు గనుకనే ఆమె పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక 18వ గేటు నుంచి విజేత రాలేదన్న మాటను సరదాగా విని వదిలేయవచ్చు. ఏడాదికి ఒక్కసారి, 24 గేట్లతో జరిగే పందెంలో ఏదో ఒక గేటు అలా మిగిలిపోవడం వింత కాదు. డబ్బు తీసుకొని టెలిగ్రామ్ గ్రూపుల్లో "పక్కా టిప్" అమ్మేవారిని దగ్గరకు రానీయకూడదు. పక్కా అయితే అమ్మరు.

ఖాతా, ఆఫర్లు, చట్టం

రేస్‌కోర్స్ కిటికీ దగ్గర నోటు ఇచ్చి టికెట్టు తీసుకోవడం, ట్యాబ్ (TAB) అనే పందేల కంపెనీ దుకాణంలో కాయడం, ఫోన్ యాప్‌లో కాయడం అనే మూడు దారుల్లో మొదటిదే నాకిష్టం. జేబులో తీసుకెళ్లిన నోట్లు అయిపోతే ఆట అయిపోతుంది. యాప్‌లో ధరలు పోల్చుకోవడం సులభమే, కాని అర్ధరాత్రి పూట ఏ దేశపు రేసైనా చేతిలోనే ఉంటుంది. యాప్ ఎంచుకునేవారు ఖాతా తెరిచిన రోజునే డిపాజిట్ పరిమితి పెట్టుకోవాలి. ఆ సదుపాయం ఇవ్వడం కంపెనీలకు తప్పనిసరి. 2024 జూన్ 11 నుంచి ఆస్ట్రేలియాలో ఆన్‌లైన్ పందేలకు క్రెడిట్ కార్డులు చెల్లవు. కొత్త ఖాతాకు బోనస్ ఎర వేయడం కూడా నిషిద్ధమే. పాత ఖాతాదారులకు మాత్రం "రెండు, మూడు స్థానాల్లో వస్తే డబ్బు వాపసు" వంటి ఆఫర్లు వస్తూనే ఉంటాయి. ఆ వాపసు సాధారణంగా నగదు కాదు, బోనస్ బెట్. 50 డాలర్ల బోనస్ బెట్‌ను 2 డాలర్ల ధరకు కాసి గెలిస్తే చేతికొచ్చేది వంద కాదు, 50 మాత్రమే, ఎందుకంటే అసలు తిరిగి రాదు. అనుకున్నదానికంటే ఒక్క డాలరు ఎక్కువ కాయమని అడిగే ఆఫర్ ఏదైనా వదులుకోవాలి.

"నా తరఫున నీ ఖాతాలో కాయి, డబ్బు పంపిస్తాను" అని హైదరాబాద్ నుంచి బావమరిదో, విజయవాడ నుంచి చిన్ననాటి మిత్రుడో ఫోన్ చేయడం కప్ వారంలో జరిగేదే. మర్యాదగానైనా సరే, కాదనాలి. ఖాతా గుర్తింపు ధ్రువీకరించిన వ్యక్తిది మాత్రమే. అటు భారత్ వైపు, విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా కింద 2000లో చేసిన నిబంధనలు లాటరీ టికెట్లు, స్వీప్‌స్టేక్స్ వంటివాటి కోసం విదేశాలకు డబ్బు పంపడాన్ని నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి కట్టడి చేశాయి. గుర్రప్పందాలు నైపుణ్యంతో కూడినవని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది కాబట్టి మలక్‌పేట మైదానానికి వెళ్లి కాయడం వేరే సంగతి. అయితే అక్కడ పందెం పూర్తి విలువ మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. గెలిచినదాని మీద 30 శాతం ఆదాయపు పన్ను అదనం. ఆస్ట్రేలియాలో సరదాగా కాసేవారి గెలుపు మీద ఆదాయపు పన్ను లేదు. టోట్ కోత ఏడో వంతని నొచ్చుకునేవారు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

సొమ్ము ఎలా పంచుకోవాలి

సీజన్ మొత్తానికి వంద డాలర్లు పక్కన పెట్టగలిగినవారికి నా లెక్క ఇది. కాల్‌ఫీల్డ్ కప్‌కు 15, ఎక్కువ ధర ఉన్న ఒక గుర్రం మీద ఈచ్-వే. కాక్స్ ప్లేట్‌కు 25, ఫారం చదివి ఒక్క గుర్రం మీద విన్, అదీ ఉదయమే స్థిర ధరలో. డెర్బీ రోజుకు 20, నలుగురితో కలిసి క్వాడీలో కొంత, మిగిలినది చిన్న గుంపు రేసులో విన్. కప్ రోజుకు 30, అందులో ఐదు స్వీప్‌కు, మిగిలినది టోట్‌లో ఈచ్-వే. చివరి శనివారానికి పది. గెలిచిన సొమ్మును తరువాతి రేసులోకి మళ్లించకుండా పక్కన పెట్టాలి. ఓడిన సొమ్మును అదే రోజు రాబట్టుకోవాలన్న ఆలోచన రాగానే ఫోన్ పక్కన పెట్టి గ్యాలరీలోకి వెళ్లిపోవాలి. వంద కేటాయించడం ఇంటి ఖర్చుకు ఇబ్బంది అయితే స్వీప్ ఐదు డాలర్లతో సీజన్ ముగించవచ్చు, చూడడానికి టీవీ ఉచితమే.

పందెం అదుపు తప్పుతోందని తనకో ఇంట్లోవారికో అనిపిస్తే, 2023 ఆగస్టు 21 నుంచి పనిచేస్తున్న బెట్‌స్టాప్ అనే జాతీయ రిజిస్టర్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. మూడు నెలల నుంచి జీవితాంతం దాకా ఎంత కాలమైనా ఎంచుకోవచ్చు. ఆ గడువులో లైసెన్సున్న ఏ ఆన్‌లైన్, ఫోన్ బెట్టింగ్ కంపెనీ కూడా ఆ వ్యక్తి పందెం తీసుకోకూడదు, ప్రకటనలు పంపకూడదు. రేస్‌కోర్స్ కిటికీలు, దుకాణాల కౌంటర్లు మాత్రం దీని పరిధిలోకి రావు కాబట్టి, అటువంటివారిని కప్ రోజున మైదానానికి పిలవకపోవడం మిత్రుల బాధ్యత. మాట్లాడి సలహా తీసుకోవడానికి 1800 858 858 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది.